28 ఏళ్ళ తర్వాత వచ్చిన భారతీయుడు 2: మా నాన్న అడిగిన ప్రశ్నకి మీ దగ్గరేమైనా జవాబుందా?

తెనాలి_డిపో:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి, నాకు నిజంగానే నలుగురి అభిప్రాయం కావాలి.

శంకర్ తీసిన భారతీయుడు 96లో వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అందులో కమల్ వేసిన సేనాపతి అనే ముసలి స్వాతంత్ర్య సమరయోధుడు లంచగొండుల్ని చంపుతుంటాడు, చివరికి లంచం తిన్న బ్రేక్ ఇన్‌స్పెక్టరు, తన సొంత కొడుకు చంద్రుని కూడా. నాన్న అప్పట్లో ఆర్టీసీలో డ్రైవరు. సినిమాలకి వచ్చే మనిషే కాదు, డ్యూటీ దిగొచ్చి పడుకోవడం, లేవడం, మళ్ళీ బండెక్కడం, అంతే. అలాంటిది డిపోలో ఎవరో చెప్పారంట, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ లంచం తీసుకుని బస్సుకి ఎఫ్‌సి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఇస్తే ఏమవుతుందో చూపించారు వెళ్ళి చూడు అని, ఆ మాట మీద నన్నూ అమ్మనీ తీసుకెళ్ళాడు. పాటలొస్తుంటే నేను కుర్చీలో ఆగలేదు. స్కూలు పిల్లల బస్సు సీను వచ్చేసరికి నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు, సినిమా అయ్యేదాకా వదల్లేదు. ఇంటికొచ్చేదాకా ఒక్క మాట లేదు. నేనేమో దారంతా, నిజంగానే కొడుకుని చంపేస్తాడా నాన్నా, నిజంగానే చంపేస్తాడా అని అడుగుతూనే ఉన్నా, చివరికి అమ్మ ఊరుకోరా అని గదమాయించింది.

దీనికి ఇంకో ముక్క ఉంది. నాన్న రిటైరయ్యాక కొన్నాళ్ళు ఒక కాలేజీ బస్సు నడిపాడు, ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం. బ్రేకులు సరిగ్గా పట్టట్లేదు, బండి షెడ్డుకి పంపండి అని రెండు మూడు సార్లు చెప్పాడు. ఎఫ్‌సి ఉందిగా, ఇంకేంటి నీ బాధ అన్నారంట. ఆ సాయంత్రం తాళాలు టేబుల్ మీద పెట్టేసి నడుచుకుంటూ ఇంటికొచ్చేశాడు. ఆ నెల జీతం కూడా రాలేదు. అమ్మ ఏమీ అనలేదు గానీ రాత్రి అన్నం తినేటప్పుడు నాన్నే ఆ సినిమా మాట ఎత్తాడు, ఆ బస్సు సీను గుర్తుందా అని. అప్పట్నుంచీ మా ఇంట్లో ఆ సినిమా టీవీలో వచ్చిందంటే ఎవరూ రిమోట్ ముట్టుకోరు.

ఇప్పుడు అసలు విషయం. రెండో భాగం షూటింగ్ 2019లో మొదలైన దగ్గర్నుంచీ ఎదురుచూశాను. ఆగింది, మొదలైంది, మళ్ళీ ఆగింది, నేను మాత్రం ఆశ వదల్లేదు. 2024 జూలైలో రిలీజైన వారం ఆదివారం నాన్నని తీసుకెళ్ళాను, అప్పటికి ఆయనకి 72. ఇంటర్వెల్లో టీ తాగుతూ ఒకటే అడిగాడు. "ఒరేయ్, ఇందులో ఆయన ఇల్లేదిరా?"

నాకు అర్థం కాలేదు, సేనాపతి తైపీలో ఉంటున్నాడు కదా నాన్నా అన్నాను. అది కాదురా అని ఊరుకున్నాడు. సినిమా అయిపోయాక కూడా బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. ఇప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక నేనొక్కడినే మళ్ళీ చూశాను, ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని. అప్పుడు తెలిసింది. మొదటి సినిమా మొత్తం ఒక ఇంట్లో జరిగింది. భార్య ఉంది, కూతురుంది, తండ్రితో పడక ఇల్లు వదిలి వెళ్ళిపోయిన కొడుకున్నాడు, ఇంట్లో అన్నాలు తినేచోట గొడవ జరిగింది, పోలీసులు వెతుక్కుంటూ వచ్చింది కూడా ఆ ఇంటికే. రెండో సినిమాలో సేనాపతి కుర్రాళ్ళందరికీ ఎవరి ఇల్లు వాళ్ళు శుభ్రం చేసుకోండి అని చెప్తాడు, కానీ ఆయనకే ఇల్లు లేదు. చెప్పేవాడి ఇల్లు కనపడకపోతే ఆ మాట ఎలా తగులుతుంది చెప్పండి.

ఇది నాకొక్కడికే, మా నాన్నకొక్కడికే అనిపించిందా? మొదటిది చిన్నప్పుడు చూడబట్టి దాన్ని ఎక్కడో పైన పెట్టుకుని ఇప్పుడు దీన్ని తక్కువ చేస్తున్నామా? రెండూ ఈమధ్య చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.


హన్మకొండ_అమ్మాయి:

అన్నా, నేను 2001ల పుట్టిన. నాకు చిన్నప్పటి జ్ఞాపకం ఏం లేదు, అందుకే నా మాట పనికొస్తదేమో అని రాస్తున్న. మా హాస్టల్ల నలుగురం కలిసి శనివారం మొదటిది, ఆదివారం రెండోది చూసినం.

ముందు ఒక మాట, మొదటిది అంత పర్ఫెక్ట్ ఏం కాదు. ఆ ఆర్టీఏ ఆఫీసు కామెడీ చానాసేపు నడుస్తది, మనీషా కొయిరాలా, ఊర్మిళ ఇద్దరు ఒక్కడి కోసం కొట్లాడే సీన్లు మాకైతే చూడబుద్ధి కాలె. కథ మంచిగ పోతున్నప్పుడు ఆస్ట్రేలియా పోయి కంగారూల నడుమ పాట పాడుతరు. మా ఫ్రెండ్ అయితే గంటసేపు ఫోన్ చూసుకుంటనే కూసున్నది. కానీ కూతురు కాలిపోయి దవాఖానల ఉన్నప్పుడు, డాక్టర్ పైసలడుగుతుంటే ఆ తండ్రి ఇయ్యను అన్న కాడి నుంచి ఎవ్వరం కదల్లె. నాకు ఆయన మీద కోపమొచ్చింది నిజంగ, ఇచ్చెయ్యరాదు, బిడ్డ సచ్చిపోతుంటే ఏం నీతి నీది అని. అట్ల కోపం తెప్పించుడే ఆ సినిమా గొప్పతనం అనుకుంట. హీరో చేసింది కరెక్టా కాదా అని మేం రాత్రి రెండింటిదాకా కొట్లాడుకున్నం.

ఇగ రెండోది. అందరు తిడుతున్నరు గానీ దాంట్ల ఉన్న పాయింట్ మొదటిదానికంటే నాకు దగ్గర అనిపించింది. యూట్యూబ్ ఛానెల్ పెట్టి ఊరందరి అవినీతి మీద వీడియోలు చేసే పోరడు, తీరా చూస్తే వాళ్ళ నాయిన అదే అవినీతి పట్టే ఆఫీసుల ఉండి తనే తింటున్నడు. అప్పుడు ఏం చెయ్యాలె? పట్టియ్యాలె. పట్టిస్తడు, వాళ్ళమ్మ పాణం తీసుకుంటది. అది చిన్న విషయమా? మా సొంతోళ్ళల్ల ఒకాయన కొలువు కోసం పైసలు కట్టిండని ఇంట్ల అందరికి ఎరుకే, దావత్‌కి పోయి తిని వచ్చినం గానీ ఒక్కలం నోరిప్పలె. నేను కూడా ఇప్పలె. ఆ సీన్ చూస్తుంటే నాకు అదే యాదికొచ్చి గొంతు పట్టుకున్నది.

బాధేందంటే ఆ కథ సినిమా సగం దాటినాక మొదలైతది. అంతకుముందు మొత్తం హాష్‌ట్యాగులు, ఛేజింగులు, ఒంటి చక్రం బండి మీద తిరుగుడు. నలుగురు దోస్తులు, నాలుగిండ్లు అన్నరు గానీ ఒక్క ఇల్లు కూడ పూర్తిగ చూపియ్యలె. మీ నాయిన అడిగింది సేనాపతి ఇల్లు గురించి. నేనడిగేది ఆ పిల్లల ఇండ్లు ఏవి అని. వాళ్ళ అమ్మ పోయినంక ఆ పోరడు ఎట్ల బతికిండు, అన్నం ఎవరు వండిన్రు, నాయినతోటి మాట్లాడిండా, అది నాకు కావాలె.


పాత_క్యాసెట్టు:

తెనాలి గారూ, మీ నాన్నగారి ప్రశ్నకి నా దగ్గర ఒక జవాబుంది, చివర్లో చెప్తా. ముందు తెలుగువాళ్ళకి మాత్రమే తగిలిన ఇంకో లోటు గురించి చెప్పాలి, ఎవరూ ఎత్తట్లేదు.

మనకి సేనాపతి అంటే సగం కమల్, సగం తెలుగులో ఆయనకి డబ్బింగ్ చెప్పిన ఎస్పీ బాలు గారు. తమిళం వాళ్ళు విన్న గొంతు వేరు, మనం విన్నది వేరు. ఆ ముసలాయన మాటలో వణుకు ఉంటుంది గానీ బెదురుండదు, ఊపిరి అందనట్టుంటుంది గానీ మాట తెగదు, అది బాలు గారు ఇచ్చింది. మొన్న థియేటర్లో సేనాపతి నోరు తెరవగానే నా పక్కన కూర్చున్న పెద్దాయన, నా వయసే ఉంటుంది ఆయనకి, నిట్టూర్చి వెనక్కి వాలాడు. 2020 సెప్టెంబర్ 25న పోయారు బాలు గారు. దశావతారంలో కమల్ వేసిన ఏడు పాత్రలకి ఏడు రకాలుగా చెప్పిన మనిషి ఆయన, ఆ స్థానంలో ఇంకొకరు ఎంత కష్టపడినా మన చెవి ఒప్పుకోదు. ఇది సినిమా తప్పు కాదు, కానీ లోటు లోటే.

అలాగే మాటలు. మొదటిదానికి తమిళంలో మాటలు రాసింది రచయిత సుజాత గారు, 2008లో పోయారు. ఇంజనీరు ఆయన, సైన్సు తెలిసినవాడు, ఒక విషయాన్ని రెండు వాక్యాల్లో తేల్చేసేవాడు. డబ్బింగులో కూడా ఆ పదును మనదాకా వచ్చింది. రెండోదానికి జయమోహన్‌తో సహా ముగ్గురు పనిచేశారు, గొప్ప రచయితలే, కాకపోతే సేనాపతి మాట్లాడుతున్న ప్రతిసారీ ఉపన్యాసం అయిపోయింది. మొదటి సినిమాలో ఆయన మాట్లాడింది తక్కువ. డాక్టర్ని టీవీలో అందరూ చూస్తుండగా చంపేటప్పుడు మాట్లాడాడు చూశారా, అక్కడ కూతురు పోయిన తండ్రి మాట్లాడాడు. అందుకే మూడు గంటల పైన సినిమా అయినా ఎవరం టైము చూసుకోలేదు. దీనికి రిలీజైన వారానికే పన్నెండు నిమిషాలు కోసేశారు, అయినా పొడవుగానే ఉంది.

రెహమాన్ సంగతి నేను ఎత్తను, ఎత్తితే తెల్లారిపోతుంది. పచ్చని చిలుకలు పాట వస్తే ఇప్పటికీ మా ఇంట్లో పని ఆగిపోతుంది, అంతే. అనిరుధ్ మంచి సంగీతకారుడే, కానీ నేను హాల్లోంచి బయటికొచ్చాక ఒక్క పల్లవి నాలుక మీద లేదు.

ఇప్పుడు ఇల్లు. సినిమా ఎలా తయారైందో ఒకసారి గుర్తు చేసుకోండి. 2019 జనవరిలో మొదలుపెట్టారు. 2020 ఫిబ్రవరి 19న చెన్నై దగ్గర సెట్లో క్రేన్ కూలి యూనిట్‌లోని ముగ్గురు చనిపోయారు. ఆ వెంటనే కరోనా. 2021 ఏప్రిల్లో ఇందులో చేసిన కమెడియన్ వివేక్ పోయాడు, అదే ఏడాది అక్టోబర్లో మొదటి సినిమాలో సీబీఐ ఆఫీసర్ కృష్ణస్వామిగా చేసిన నెడుముడి వేణు గారు పోయారు. ఆయన్ని తెర మీద చూస్తుంటే నాకు కళ్ళు తడిశాయి. మళ్ళీ 2022లో కదిలించి, తీసింది ఎక్కువైపోయిందని రెండు సినిమాలు చేశారు. చివర్లో టైటిల్స్ టైములో మూడో భాగం ట్రైలర్ వేశారు కదా, చూశారా లేక లేచి వచ్చేశారా? అందులో స్వాతంత్ర్యం ముందు రోజులు, సేనాపతి తండ్రి, కాజల్, యుద్ధం, అన్నీ ఉన్నాయి. ఆ రెండు నిమిషాల్లో నాకు కనిపించినంత ఇల్లు మూడు గంటల్లో కనపడలేదు.

అంటే మీ నాన్నగారు అడిగిన ఇల్లు వాళ్ళ దగ్గర ఉంది. తీసుకెళ్ళి మూడోదాంట్లో పెట్టారు. కథని మధ్యలో కోసేటప్పుడు మనిషిని ఒక పక్కన, ఆయన చేసే పనుల్ని ఇంకో పక్కన వేసేశారు, మనకి ముందు పనులు చూపించారు.


కమల్_భక్తుడు_కాకినాడ:

అందరూ బాగానే రాస్తున్నారు గానీ ఒక్క మాట. సినిమా వచ్చేనాటికి కమల్‌కి 69 ఏళ్ళండీ. 96లో 41 ఏళ్ళప్పుడు ముసలాడి మేకప్ వేసుకోవడం వేరు, ఈ వయసులో గంటల తరబడి మొహానికి అవన్నీ అతికించుకుని కూర్చోవడం వేరు. మొదటిదానికి జాతీయ అవార్డు వచ్చింది, రెండోదానికి రాకపోవచ్చు, కానీ నేను రెండుసార్లు టిక్కెట్టు కొనుక్కుని చూశాను, మళ్ళీ చూస్తాను. సినిమాలో తప్పులుంటే డైరెక్టర్ని అడగండి. సేనాపతికి ఇప్పుడు వందేళ్ళు దాటాలి కదా, ఫైట్లు ఎలా చేస్తాడు అనేవాళ్ళకి నాదొకటే ప్రశ్న, మొదటిదాంట్లో డెబ్భై దాటినవాడు రెండు వేళ్ళతో నరం పట్టేసి పోలీసుల్ని పడేస్తే అప్పుడెందుకు చప్పట్లు కొట్టాం?


డాలస్_నుంచి_మీ_వాడు:

కాకినాడ బ్రో, కమల్ కష్టాన్ని ఎవరూ తక్కువ చెయ్యట్లేదు. నీ ప్రశ్నకి నాకు తోచింది చెప్తా. అప్పుడు చప్పట్లు ఎందుకు కొట్టామంటే ఆ రెండు వేళ్ళ వెనక ఒక కూతురు శవం ఉంది. ఇప్పుడు అదే విద్యతో ఒకడిని గుర్రంలా పరిగెత్తించి చంపుతుంటే చూడ్డానికి వింతగా ఉంది, కానీ ఆ చచ్చేవాడు నాకెవడు, చంపేవాడికి వాడు ఏం చేశాడు? బంగారంతో మెరిసిపోయే ఇంట్లో ఉండేవాడిని చంపితే నాకు కోపం చల్లారదు, ఎందుకంటే అలాంటోడిని నేనెప్పుడూ కలవలేదు. మొదటి సినిమాలో ఉన్నవాళ్ళందరినీ మా అమ్మానాన్నలు కలిశారు. హాస్పిటల్లో ఉన్నాడు, పోలీస్ స్టేషన్లో ఉన్నాడు, ఆర్టీఏలో ఉన్నాడు.

ఇక్కడ మేం గురువారం ప్రీమియర్‌కి వెళ్ళాం, పన్నెండు మంది, సగం మంది నాలాగ 96లో స్కూల్లో ఉన్నవాళ్ళే. బయటికొచ్చాక పార్కింగ్‌లో నిలబడి గంటసేపు మాట్లాడుకున్నాం, అసలు ఏ సీక్వెల్ మొదటిదానికి సాటి వచ్చింది అని. బాహుబలిని పక్కన పెట్టేశాం, అది ఒకే కథ రెండు ముక్కలు, సీక్వెల్ లెక్కలోకి రాదు, ఎవడైనా సగం కథ చూసి ఆగుతాడా. అందరం ఒప్పుకున్నది ఒక్క దృశ్యం 2.

ఎందుకంటే వినండి. మొదటి దృశ్యం అయిపోయినప్పుడు, ఇంట్లో జరిగిన హత్యని దాచిన రాంబాబు గెలిచాడు, శవం ఎక్కడుందో మనకి తెలిసింది, హాయిగా ఇంటికెళ్ళిపోయాం. రెండోది ఆరేళ్ళ తర్వాత మొదలవుతుంది, ఆ ఇంట్లో ఆరేళ్ళుగా ఎవరికీ నిద్ర లేదు. పెద్దమ్మాయికి పోలీస్ జీపు చూస్తే ఫిట్స్ వస్తాయి. ఊళ్ళో వాళ్ళు వెనకాల గుసగుసలాడుకుంటారు. భార్యకి మొగుడు ఏం ఆలోచిస్తున్నాడో తెలీదు. మొదటి సినిమాలో చేసిన పనికి రెండో సినిమా మొత్తం వడ్డీ కట్టుకుంటూ ఉంటారు వాళ్ళు. భార్యగా చేసిన మీనా ఒక్క సీన్లో నోరు జారుతుంది చూడండి, మనకి గుండె ఆగిపోతుంది, ఎందుకంటే ఏడేళ్ళ క్రితం మనం కూడా ఆ అబద్ధంలో భాగం పంచుకున్నాం. థియేటర్ రిలీజ్ కూడా లేదు దానికి, 2021 నవంబర్లో నేరుగా ప్రైమ్‌లో వేశారు, అయినా పండగలా చూశాం.

ఇప్పుడు సేనాపతిని అలా ఊహించుకోండి. కొడుకుని సొంత చేత్తో చంపుకున్నాడు. భార్య వద్దని ఏడ్చినా వినలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు పరాయి దేశంలో ఒంటరిగా ఉన్నాడు. ఆ కొడుకు గుర్తొస్తాడా? గుర్తొచ్చిన రోజు అన్నం తింటాడా? పాత సినిమా ముక్కలు మధ్యమధ్యలో వేశారు, నిజమే, కానీ ఆయన మొహంలో ఆ బరువు నాకు కనపడలేదు. శంకర్ గారికి ఇది కొత్త కూడా కాదు. 2010లో రోబో తీశారు, చిట్టి అనే మరమనిషి ప్రేమించాడు, చెడిపోయాడు, చివర్లో తన చేతులతో తనని విప్పుకుంటుంటే పిల్లలు ఏడ్చారు. 2018లో 2.0 వచ్చింది, గ్రాఫిక్స్ నోరెళ్ళబెట్టేలా ఉన్నాయి, పక్షుల పాయింట్ కూడా మంచిది, కానీ ఆ చిట్టి ఎక్కడ? బొమ్మ తిరిగొచ్చింది, మనసు రాలేదు. అదే మళ్ళీ జరిగింది ఇప్పుడు. పేరు, గెటప్, వేళ్ళు తిప్పడం అన్నీ తెచ్చారు, ఆ మనిషి పోగొట్టుకున్నవి మాత్రం వెంట తీసుకురాలేదు.

హన్మకొండ చెల్లీ, నీ పాయింట్ నాకు బాగా నచ్చింది. ఆ కుర్రాడి కథని సేనాపతి కొడుకు కథ పక్కన పెట్టి చూపించి ఉంటే ఎలా ఉండేదో ఆలోచించు. అక్కడ తండ్రి కొడుకుని శిక్షించాడు, ఇక్కడ కొడుకు తండ్రిని పట్టించాడు. ఇద్దరూ ఒక గదిలో కూర్చుని ఐదు నిమిషాలు మాట్లాడుకుంటే చాలు, నాకు ఏ ఛేజింగూ అక్కర్లేదు. ఆ సీను కోసం నేను సినిమా అంతా ఎదురుచూశాను.


రిటైర్డ్_యూడీసీ:

నేను ముప్పై నాలుగేళ్ళు గుమాస్తా ఉద్యోగం చేసి దిగినవాణ్ణి. ఏ శాఖ, ఏ ఊరు అని అడక్కండి. భారతీయుడు ఆడుతున్న రోజుల్లో మా ఆఫీసు వాతావరణం గురించి ఒక మాట చెప్పాలని ఉంది.

ఆ సినిమా వచ్చిన కొత్తలో జనం కౌంటర్ దగ్గరికొచ్చి నిలబడే తీరు మారింది. అంతకుముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు, అప్పుడు కళ్ళలోకి చూసేవాళ్ళు. ఒక ముసలమ్మ పింఛను కాయితం కోసం నాలుగోసారి తిరిగి, మా పక్క సీటు ఆయనతో, ఆ సినిమా చూశావా నాయనా అని మెత్తగా అడిగింది. అంతే, ఇంకేమీ అనలేదు. ఆయన మొహం మాడిపోయింది, ఆ సాయంత్రానికే కాయితం చేతికిచ్చి పంపాడు. నేను చేతులు కడుక్కున్నవాణ్ణని చెప్పుకోను. నేను తీసుకోలేదు, కానీ తీసుకునేవాళ్ళ పక్కన కూర్చుని టీ తాగాను, ముప్పై నాలుగేళ్ళూ తాగాను. ఆ సినిమా నాకు గుచ్చుకున్నది అక్కడే, ఎందుకంటే అందులో చెడ్డవాళ్ళుగా చూపించినవాళ్ళు నాలాంటి ఇళ్ళలో ఉండేవాళ్ళు, నాలాగే చొక్కా వేసుకునేవాళ్ళు. ఆ చంద్రు కూడా చెడ్డవాడేం కాదు మొదట్లో, ఉద్యోగం కోసం తిరిగి తిరిగి విసిగిపోయి, ఆర్టీఏ ఆఫీసు బయట పనులు చేయించి పెడుతూ, మెల్లగా అందులోకి దిగిపోయాడు. ఎంతమందిని చూశాను అలా దిగిపోతుంటే.

రెండో సినిమా హాల్లో చూశాను మా మనవడితో. నాకు ఎక్కడా గుచ్చుకోలేదు. విమానాలున్నవాళ్ళూ, గనులున్నవాళ్ళూ చస్తుంటే నేను నిమ్మళంగా కూర్చుని చూశాను. నేను నిమ్మళంగా చూడగలిగానంటే ఆ సినిమా నన్ను వదిలేసిందని అర్థం. తండ్రి ఇంటి మీదికి ఏసీబీ వచ్చే దగ్గర మాత్రం ఒళ్ళు జలదరించింది, ఆ అమ్మాయి చెప్పింది నిజమే, అక్కడో సినిమా ఉంది. మనవడు బయటికొచ్చి, తాతయ్యా మీ ఆఫీసులో కూడా తీసుకునేవాళ్ళా అని అడిగాడు. ఇరవయ్యేళ్ళవాడు మొదటిసారి అడిగాడు నన్ను ఆ మాట. వాడికి ఇంకా జవాబు చెప్పలేదు, చెప్పాలి.


తెనాలి_డిపో:

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఇంత మంచి జవాబులొస్తాయని అనుకోలేదు. యూడీసీ గారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను, ఆవిడ రెండుసార్లు చదివించుకుంది.

పాత క్యాసెట్టు గారు చెప్పిన మూడో భాగం ట్రైలర్ మేం హాల్లో చూడలేదు, నాన్న మెట్లు దిగడానికి ఇబ్బంది పడతాడని జనం లేవకముందే వచ్చేశాం. నిన్న ఫోన్లో చూపించాను. శ్రద్ధగా చూశాడు. ఇల్లు ఇందులో ఉందంట నాన్నా అన్నాను. "అయితే అప్పుడు చూద్దాంలే, నేనుంటే" అన్నాడు. 28 ఏళ్ళు ఆగిన నాకు ఆ రెండో మాట వినగానే ఎలా అనిపించిందో రాయలేను. ఇల్లు ముందు చూపించి ఛేజింగులు తర్వాత పెట్టుకోవాల్సింది, అంతే, నా కంప్లయింట్ ఇప్పుడు ఇదొక్కటే.

డాలస్ అన్నా, మీరన్నట్టు ఆ ఇద్దరూ మాట్లాడుకునే సీను మూడోదాంట్లోనైనా ఉంటే బావుండు. కాకినాడ బ్రదర్, నేనూ కమల్ కోసం మళ్ళీ టిక్కెట్టు కొంటా, అందులో డౌటు లేదు.

మొన్న ఆదివారం మా పాపకి మొదటిది చూపించాను, రెండో తరగతి. ఆ కాలిన సీన్లు దాటేశాను, మిగతాది నాన్న పక్కన కూర్చుని చూసింది. బస్సు సీను దగ్గర రిమోట్ తీసుకోబోతే నాన్నే వద్దు ఉండనీ అన్నాడు. పాప ఆయన చెయ్యి పట్టుకుంది. సీను అయిపోయాక, తాతయ్యా నువ్వు కూడా బస్సు డ్రైవరువే కదా, నీ బస్సుకి బ్రేకు ఉండేదా అని అడిగింది.

ఆర్టీసీ బస్సుకి ఉండేదమ్మా అన్నాడు. ఇంకో బస్సు నడిపావా అంది. నడిపాను, దానికి లేదని తాళాలిచ్చేశాను అన్నాడు. మరి ఆ బస్సు తర్వాత ఎవరు నడిపారు అని అడిగింది పాప. నాన్న చాలాసేపు టీవీ వైపే చూస్తూ కూర్చున్నాడు.